తంగూసు దారం వల్ల కాదు

పదేళ్ళకు పైగా ఒక్క మాటని మోస్తున్నాను. "అవును" అనే మాట. ఒక మనిషి నా ఎదురుగా కూర్చుని ఒక ప్రశ్న అడిగాడు. కాదని నాకు తెలుసు. తెలిసే అవునన్నాను.

మీరెవరో నాకు తెలియదు, తెలియకపోవడమే నాకు కావలసింది. నా పేరు చెప్పను. అందుకు గౌరవప్రదమైన కారణమేదీ లేదు, భయం అంతే. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నాను: నా మీద జాలిపడకండి. నేను పశువుల డాక్టర్ని. జాలి మొహం ఎలా పెట్టాలో, ఎంతసేపు పెట్టాలో నాకు బాగా వచ్చు. ఆ మొహంతోనే ఆ అబద్ధం ఆడాను.

మా వాళ్ళది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగం కోసం వచ్చి హయత్‌నగర్‌లో స్థిరపడ్డాం. కుక్కలకి వచ్చే క్యాన్సర్ కణితుల ఆపరేషన్లలో నేను ప్రత్యేకంగా శిక్షణ పొందాను. ఇబ్రహీంపట్నంలో పనికి చేరేసరికి అక్కడంతా హడావిడి. ఆదిభట్లకు కంపెనీ బస్సులు వరసగా వచ్చిపడుతున్నాయి. సాగర్ రోడ్డుకి రెండు పక్కలా చేలల్లో ప్లాట్ల రాళ్ళు లేచాయి, ప్లాట్లలో విల్లాలు లేచాయి, విల్లాల్లోకి కుక్కలొచ్చాయి. మంచులో బండ్లు లాగాల్సిన జాతి కుక్కలు మే నెలలో ఏసీ గదుల్లో నాలుకలు బయటపెట్టి పడుకునేవి. వాటి కోసం భూముల వ్యాపారంలో పైకొచ్చిన ఒకాయన రోడ్డు మీద అద్దాల ఆసుపత్రి కట్టాడు. మేమంతా ఆయన్ని చైర్మన్ గారనేవాళ్ళం. ఆయనకు కుక్కలంటే పెద్ద ఇష్టం లేదు. ప్రారంభోత్సవాలంటే ఇష్టం.

ఆయన తెప్పించిన వాటిలో ఒక కెమెరా ఉంది. దాని గురించి చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు.

కణితిని కోసి తీయడం అంత కష్టం కాదు. మొత్తం తీశామా, ఇంకా మిగిలిందా అన్నది తెలుసుకోవడమే కష్టం. క్యాన్సర్ కణితికి చుట్టూ కంటికి కనపడని వేళ్ళుంటాయి. అందుకని పక్కనున్న మంచి కండ కూడా కొంత కలిపి తీస్తాం. తీసిన ముక్క అంచుల్ని ల్యాబులో సూక్ష్మదర్శిని కింద చూసి, అంచుదాకా క్యాన్సర్ ఉందో లేదో చెబుతారు. ఆ రిపోర్టు వచ్చేసరికి రోజులు గడుస్తాయి, అప్పటికి మనం కుట్లు వేసి పంపేసి ఉంటాం. ఈ కెమెరా ఉంటే అంత ఆగక్కర్లేదు. ముందురోజు కుక్క నరంలోకి ఒక ఆకుపచ్చ మందు ఎక్కిస్తాం. కణితి ఆ మందుని వదలకుండా పట్టుకుంటుంది. ఆపరేషన్ బల్ల మీద కెమెరాతో చూస్తే, కణితి ఉన్నచోటు తెర మీద తెల్లగా వెలుగుతుంది. తీసేశాక గాయం లోపల మళ్ళీ చూడాలి. చీకటిగా ఉంటే అంతా వచ్చేసినట్టు. వెలిగితే ఇంకా ఉన్నట్టు.

దానికి ఒక లోపం ఉంది. కణితి లేకపోయినా, వాపు ఉన్నచోట కూడా కాస్త వెలుగుతుంది. ఈ లోపాన్ని గుర్తుపెట్టుకోండి. నేను దాక్కున్నది దీని వెనకే.

నర్సింహ ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పట్టేవాడు. అప్పటికే యాభై దాటిన మనిషి. చెరువులో నీళ్ళు సగం కూడా లేని ఏళ్ళవి. ఉన్న నీళ్ళలోనే థర్మాకోల్ తెప్ప మీద తిరుగుతూ వలలు వేసేవాడు. ఆ తెప్ప మీద ఆయనతోపాటు ఒక ఊరకుక్క కూర్చునేది. గోధుమరంగు, ఒక చెవి వంగి ఉండేది. దాని పేరు సిపాయి. ఒడ్డున ఆరేసిన వలల దగ్గరికి పందుల్ని రానిచ్చేది కాదట.

నర్సింహకి ఊళ్ళో ఇంకో పనిలో కూడా పేరుంది. మేకకో, బర్రెకో, పిల్లాడికో పులిపిరి లేస్తే ఆయన దగ్గరికే తీసుకొచ్చేవాళ్ళు. వలలు అల్లే తంగూసు, అదే సన్నటి నైలాన్ దారం, పులిపిరి మొదట్లో బిగించి ముడి వేసేవాడు. రక్తం అందక కొన్నాళ్ళకది ఎండి రాలిపోయేది. ముడి వేసినందుకు ఏమీ పుచ్చుకునేవాడు కాదు. పైగా ముడి వేసిన దగ్గర్నుంచి మూడు రోజులు తానే చేప ముట్టేవాడు కాదు. చేపలు పట్టి బతికేవాడు, ఎవరి పులిపిరి కోసమో మూడు రోజులు చేప మానేసేవాడు. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాను. చదువుకున్నదాన్ని కదా.

సిపాయి ఎడమ తొడ మీద బొడిపె లేస్తే ఆయన అదే చేశాడు. తంగూసు కట్టాడు. మర్నాటికల్లా కాలంతా వాచింది. వెంటనే దారం తెంపేసి, కుక్కని ఆటోలో వేసుకుని మా అద్దాల ఆసుపత్రికి వచ్చాడు. అక్కడికి ఊరకుక్క రావడం అదే మొదలు. చొక్కా జేబులో తంగూసు చుట్ట అలాగే ఉంది. దాచకుండా అంతా చెప్పాడు. సూది గుచ్చి పరీక్ష చేస్తే క్యాన్సరని తేలింది. చిన్నదే. బాగా తీస్తే బతికే జబ్బే.

సరిగ్గా ఆ వారమే చైర్మన్ గారికి ఒక కుక్క కావాలి. కొత్త కెమెరా ప్రదర్శన పెట్టుకున్నాడు. విల్లాల సంఘాల పెద్దలొస్తారు, ఇద్దరు విలేఖరులొస్తారు, పక్కగదిలో తెర మీద చూస్తారు. విల్లాలవాళ్ళెవరూ తమ కుక్కని నలుగురి ముందూ కోయనివ్వరు. నర్సింహని అడిగితే సరేనంటూ చేతులు జోడించాడు. కెమెరా సంగతి చెప్పింది నేనే. ఆయన "నీళ్ళల్ల శాప తిరిగితే పైకి మెరుపు కనపడ్తది సూడు బిడ్డా, గట్లనా?" అన్నాడు. అచ్చం అలాగే అన్నాను. నా దగ్గర పని నేర్చుకునే కుర్ర డాక్టర్లలో కూడా అంత తొందరగా పట్టుకున్నవాళ్ళు తక్కువ. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, అసలు సంగతి చెప్పినా ఆయనకేం అర్థమవుతుందిలే అని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎంత సిగ్గులేని మాట! ఆయనకు బాగా అర్థమవుతుంది. నా భయమంతా అదే.

ఆపరేషన్ పొద్దున పదింటికి మొదలుపెట్టాను. కణితి తేలిగ్గానే వచ్చింది. గాయం శుభ్రం చేసి, దీపాలు తగ్గించి, కెమెరా దించాను. గాయమంతా నల్లగా ఉంది. గజ్జ వైపు అంచున మాత్రం పెసరగింజంత వెలుగు.

వాపు వల్ల వచ్చే వెలుగు మసకగా పరుచుకుని ఉంటుంది. ఇది గింజలా, అంచులు తెలిసేలా ఉంది. చూడగానే నాకు అర్థమైంది. ఇప్పుడు మాట మార్చను. అర్థమైంది.

అక్కడ ఇంకా కోయాలంటే గజ్జలోకి దిగాలి. పెద్ద రక్తనాళాలుంటాయి. గాయం మూసుకోదు, డొక్క వైపు నుంచి చర్మం తెచ్చి కప్పాలి. ఇంకో గంటన్నర పని. కాలే తీసేయాల్సి రావచ్చు. ఏదీ వద్దనుకుంటే, ఆ గింజంత చోటు నుంచి చిన్న ముక్క తీసి ల్యాబుకి పంపి, తేలేదాకా ఆగొచ్చు. అది పది నిమిషాల పని. పది నిమిషాలు! పక్కగదిలో వాళ్ళ తెర మీదా ఆ చుక్క ఉంది, అదేమిటో వాళ్ళకు తెలియదు. స్పీకరులోంచి చైర్మన్ గారి గొంతు వచ్చింది. "మేడం, క్లీనేనా?"

ఆయన్ని తిట్టి బయటపడదామని ఎన్నోసార్లు చూశాను. కుదరదు. ఆయన అడిగింది ప్రశ్న. ఇంకా ఉందండీ, ఇంకో గంటన్నర పడుతుంది అంటే ఏమయ్యేది? మొహం మాడ్చుకునేవాడు. వచ్చినవాళ్ళు భోజనాలకు లేచేవాళ్ళు. కొత్త కెమెరా పనికొచ్చిందని కూడా తెలిసేది, ఎందుకంటే అది మిగిలిన క్యాన్సర్‌ని పట్టిచ్చింది. అసలు దాన్ని కొన్నదే అందుకు కదా? అయినా నాకు ఆ నిమిషంలో కనపడింది పక్కగదిలో తెర ముందు కూర్చున్న మొహాలు. ఒకసారిలో తీయలేకపోయిందని వాళ్ళనుకుంటారని. ఊరకుక్క కోసం ఇంత రాద్ధాంతమా అనుకుంటారని. నా పేరు, నా చెయ్యి, నా పొగరు.

కెమెరా పెట్టెకి వెలుగు తగ్గించే, పెంచే మీట ఉంటుంది. అది నా కుడిచేతి పక్కనే ఉంది. దారం కట్టిన చోట వాపుంటుందిలే, వాపే వెలుగుతోందిలే అని లోపల ఒక మాట అనుకుని, మీట తిప్పాను. గింజ మసకబారింది. ఇంకొంచెం తిప్పాను. పోయింది. తెర నల్లగా అయ్యింది.

"క్లీన్" అన్నాను. పక్కగదిలో చప్పట్లు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. తీసిన ముక్కని మొత్తంగా, ఏ వైపు ఏదో గుర్తులు పెట్టి ల్యాబుకి పంపాలి. అలా పంపితే గజ్జ వైపు అంచు నన్ను పట్టిస్తుంది. ఆ అంచుని కత్తిరించి, వాడేసిన దూదితో పాటు ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలో వేశాను. మిగిలింది పంపాను. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. దాన్ని చైర్మన్ గారు సిపాయి ఫోటో పక్కన పెట్టి అద్దం కట్టించి, వచ్చేవాళ్ళకు కనపడేలా గోడకు తగిలించాడు. రోజూ దాని ముందు నుంచే లోపలికి వెళ్ళేదాన్ని.

అయిదు నెలలకు నర్సింహ మళ్ళీ వచ్చాడు. సిపాయి మూడు కాళ్ళ మీద నడుస్తోంది. గజ్జలో గడ్డ, కోడిగుడ్డంత. కడుపులోకి కూడా పాకింది. ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించగలను, అక్కడే. ఇక చేసేదేం లేదని చెప్పాను. ఆయన ఏడవలేదు. కుక్క తల మీద చెయ్యి వేశాడు. తర్వాత అడిగాడు.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. నేను తంగూసు కట్టిన గదా. గందుకే లోపటికి పాకిందా?"

నేను కాగితాల వైపు చూశాను. "మీరది కట్టకుండా ఉండాల్సింది" అన్నాను.

"అంటే నా వల్లనే అయిందంటవ్."

"అవును."

ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. "ఎన్నో ఏండ్ల సంది కడ్తున్న బిడ్డా. మేకలకు కట్టిన, బర్లకు కట్టిన, మస్తుమంది పోరగాండ్లకు కట్టిన. ఎన్నడు ఇట్ల కాలె."

"ఇకమీదట ఎవరికీ కట్టకండి" అన్నాను. మెత్తగా అన్నాను. ఆ మెత్తదనం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

"కట్ట బిడ్డా. ఇగ కట్ట." జేబులోంచి తంగూసు చుట్ట తీసి నా బల్ల మీద పెట్టాడు. "గిది నువ్వే పారెయ్యి."

కట్టడం మంచి పని కాదు, నిజమే. వాపు దానివల్లే వచ్చింది. కానీ క్యాన్సర్ మిగిలింది దారం వల్ల కాదు. మిగిలిందని తెలిసి కూడా నేను వదిలేస్తే మిగిలింది. ఒక చిన్న నిజాన్ని అడ్డం పెట్టుకుని అంత పెద్ద అబద్ధం ఆడాను. అందుకే అది అంత నున్నగా నోట్లోంచి వచ్చింది.

ఇంకో నెలకి సిపాయి పోయింది. నొప్పి భరించలేకపోతుంటే నేనే సూది వేశాను. ముందుకాళ్ళు ఆయన పట్టుకున్నాడు.

ఇంతటితో అయిపోయిందనుకున్నారా? నేనూ అనుకున్నాను. కానీ నర్సింహ ఊరుకునే మనిషి కాదు. తప్పు చేశానని నమ్మాక ఆ తప్పు ఇంకొకరు చేయకూడదని ఊరంతా తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. నా అబద్ధం ఆయన కాళ్ళతో వాడవాడకూ తిరిగింది. అది చైర్మన్ గారి చెవిన పడింది. శేరిగూడలో ఒక కాలేజీ హాల్లో పెంపుడు జంతువుల మీద అవగాహన సభ పెట్టి, నర్సింహని మైకు ముందు నిలబెట్టాడు. నర్సింహ ఉతికిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. ఎవరో నేర్పిన మాట ఒకటి కూడదీసుకుని అన్నాడు. "నేను మూఢనమ్మకంతోటి దారం కట్టి నా సిపాయిని నేనే సంపుకున్న. మీరెవ్వరు గట్ల చెయ్యకుండ్రి. డాక్టర్ల కాడికి పోండ్రి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. వేదిక మీద పక్కకుర్చీలో నేనున్నాను. నేనూ కొట్టాను. ఏ చేత్తో మీట తిప్పానో ఆ చేత్తోనే కొట్టాను. లేచి నిలబడి ఒక్క మాట అంటే సరిపోయేది. మైకు రెండడుగుల దూరంలో ఉంది. ఎందుకు లేవలేదు? ఉద్యోగం పోతుందనా? వేరే ఉద్యోగాలు దొరికే రోజులవి. పరువా? మూఢనమ్మకమని ఒప్పుకోవడానికి ఒక చేపలవాడికి ఉన్న గుండె నాకు లేకపోయింది, అంతకన్నా వేరే జవాబు నా దగ్గర లేదు. ఆ హాల్లో మూఢులెవరైనా ఉంటే అది నేనే. తెర నల్లబడితే జబ్బు పోయిందనుకున్నదాన్ని.

ఆ తర్వాత నర్సింహ కుక్కని పెంచలేదు. ఒకసారి ఆయన భార్య అంజమ్మ మేకపిల్లకు మందు కోసం వచ్చి చెప్పింది. "కుక్క పోయిన సంది మనిషి మనిషి లెక్క లేడు డాక్టరమ్మా. ఎవలన్న పులిపిరని వస్తె చేతులు ఎనకకు పెట్టుకుంటడు." మందు రాసిచ్చి పంపించాను. చేతులు ఎనకకు పెట్టుకుంటడు అన్న మాట మాత్రం ఇంటిదాకా నాతో వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

నేను మంచి డాక్టరునని అందరూ అంటారు. ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. నిజానికి ఆ తర్వాత నేను మంచి డాక్టరునే అయ్యాను. తెర మీద చుక్క కనపడితే వదలను. ఎవరు ఎదురుచూస్తున్నా రెండోసారి కోస్తాను, మూడోసారి కోస్తాను. ఎన్నో కుక్కలు అలా బతికాయి. ఇది లెక్కకి వస్తుందా? రాదు. వస్తుందనుకుని చాలా ఏళ్ళు నన్ను నేను మోసం చేసుకున్నాను. బతికిన కుక్కలన్నీ కలిసి ఆ మనిషి చేతుల్ని ముందుకు తేలేవు.

ఈ మధ్య చెరువు నిండింది. అలుగు పారింది. ఊరంతా చూడటానికి వెళ్ళింది. వలలు మళ్ళీ ఒడ్డుకొచ్చాయి, వలలకు కాపలాగా నర్సింహ ఇంటికి మళ్ళీ ఒక కుక్క వచ్చింది. ఆడకుక్క. పోయిన వారం దాన్ని ఎత్తుకుని నా దగ్గరికొచ్చాడు. మనిషి వంగిపోయాడు. కుక్క పొదుగు దగ్గర చిన్న గడ్డ, వక్కంత ఉంది. బల్ల మీద పడుకోబెట్టి, నేనేమీ అడక్కముందే అన్నాడు.

"సెయ్యి పెట్టలే బిడ్డా. సూసిన ఎంబడే నీ కాడికే తీస్కొచ్చిన."

బడిపిల్లాడు పలక చూపించినట్టు చెప్పాడు. తాను బుద్ధి నేర్చుకున్నానని నాకు చూపించడానికి.

మర్నాడు ఆపరేషన్ చేశాను. కెమెరాతో చూశాను. ఒకచోట చిన్న చుక్క కనపడితే మళ్ళీ కోసి తీశాను. మళ్ళీ చూశాను. మీట మీద చెయ్యి వేయలేదు. ముక్క మొత్తం పంపాను. బాగుపడుతుంది. సాయంత్రం ఆయన తడిగుడ్డలో చుట్టి ఒక కొర్రమీను తెచ్చిచ్చాడు, చెరువులో పట్టిందే. వద్దని ఎలా అనను? ఇంట్లో వండాం. బాగుంది. తిన్నాను. ఆ రుచి నాలుక మీద ఉండగానే ఇది రాయడం మొదలుపెట్టాను.

ఎవరో తెలియని మీకు చెప్పడం, ఆయనకు చెప్పడం ఒకటి కాదు. తెలుసు. అయినా ఇంతవరకూ కాగితం మీద కూడా పెట్టలేదు. పెట్టాక గుండెల్లో ఏదో కాస్త సడలినట్టుంది. ఆ సుఖానికి నేను తగను. తగకపోయినా అది వచ్చింది, దాన్నీ దాచను.

గురువారం కుట్లు విప్పాలి. నర్సింహ వస్తాడు. ఆ రోజు నన్ను పారేయమన్న తంగూసు చుట్ట నా సొరుగులోనే ఉంది. ఇన్నేళ్ళూ పారేయలేదు. దాన్ని తీసి ఆయన ముందు పెట్టాలి. పెట్టి చెప్పాల్సిన మాటలు, నోరు తడబడకుండా, ముందుగా ఇక్కడ రాసుకుంటున్నాను.

నర్సింహ గారూ, మీ దారం వల్ల కాదు. ఆ రోజు తెర మీద ఇంకా వెలుగుతోంది. గజ్జ వైపు, పెసరగింజంత. నేను చూశాను. చూసి, వెలుగు తగ్గించాను.